కానూరి లక్ష్మణరావు: కంకిపాడు నుంచి కేంద్ర నీటిపారుదల శాఖ దాకా

కానూరి లక్ష్మణరావు (1902 జూలై 15 – 1986 మే 18) కృష్ణా జిల్లా కంకిపాడులో పుట్టిన నీటిపారుదల ఇంజనీరు, ఇంజనీరింగు అధ్యాపకుడు. విజయవాడ నుంచి వరుసగా మూడుసార్లు లోక్‌సభకు గెలిచి, నెహ్రూ, శాస్త్రి, ఇందిరాగాంధీ మంత్రివర్గాల్లో నీటిపారుదల, విద్యుత్ శాఖలు చూశారు. జనం నోట ఆయన కె.ఎల్. రావు. నాగార్జునసాగర్‌ను రాతికట్టుతో కట్టాలన్న నిర్ణయానికీ, గంగను కావేరితో కలపాలన్న 1972 నాటి ప్రతిపాదనకూ ఆయన పేరు ముడిపడి ఉంది. 1963లో పద్మభూషణ్ అందుకున్నారు.

ముందుగా ఒక స్పష్టత. వడ్డేశ్వరంలోని కె.ఎల్. విశ్వవిద్యాలయానికి ఈయన పేరు పెట్టారని బెజవాడలోనే చాలామంది అనుకుంటారు. ఆ కె.ఎల్. అంటే కోనేరు లక్ష్మయ్య. కె.ఎల్. రావు పేరు విజయవాడలో కె.ఎల్. రావు నగర్‌కూ, నగరానికి తాగునీరు శుద్ధిచేసి పంపే హెడ్ వాటర్ వర్క్స్‌కూ, ఎగువన కృష్ణ మీద పులిచింతల జలాశయానికీ ఉంది. మూడింటిలో రెండు నీళ్ల పనులే కావడం ఆయన జీవితానికి తగినట్టుగానే ఉంది.

కంకిపాడు, కాలువల కింద ఊరు

కంకిపాడు బెజవాడ నుంచి బందరు వెళ్లే దారిలో ఉంది. ఆ ఊరి చుట్టూ ఉన్న పొలాలకు వాన కన్నా కాలువే పెద్ద దిక్కు. ఆర్థర్ కాటన్ ఆలోచనతో, కెప్టెన్ చార్లెస్ ఓర్ పర్యవేక్షణలో బెజవాడ దగ్గర కృష్ణకు అడ్డంగా ఆనకట్ట లేచింది 1852–55 మధ్య. దాని తూర్పు ఒడ్డున బందరు కాలువ, రైవస్ కాలువ, ఏలూరు కాలువ నగరం నడిబొడ్డు నుంచే చీలి పోతాయి. లక్ష్మణరావు పుట్టేనాటికి ఆ ఆనకట్ట వయసు అర్ధశతాబ్దం లోపే. పడవలు ఇంకా లాకుల్లో ఆగి, నీటిమట్టం సమానమయ్యేదాకా వేచి ఉండి, తలుపు తెరుచుకున్నాక కదిలేవి.

డెల్టాలో పెరిగిన వాళ్లకు నీటి లెక్క చిన్నప్పుడే వంటబడుతుంది. కాలువలకు నీళ్లు ఎప్పుడు వదులుతారు, ఎప్పుడు కట్టేస్తారు అన్నదాన్ని బట్టే నారుమళ్లు పడతాయి, పెళ్లిముహూర్తాలు కూడా కుదురుతాయి. సార్వాకు, అంటే తొలి పంటకు, నీళ్లు ఖాయం అనుకున్నా దాళ్వాకు, అంటే రెండో పంటకు, నమ్మకం ఉండదు. తూముకు దగ్గరున్న చేలకు అందిన నీరు శివారు భూములకు అందదు. వంతు వచ్చిన రాత్రి లాంతరు పట్టుకుని బోదె వెంట నడిచి, పైవాళ్లెవరైనా గండి కొట్టారేమో చూసుకోవాలి. కాలువ కాపలా చూసే లస్కరు గేటు ఒక బెత్తెడు ఎత్తడానికీ రెండు బెత్తెలు ఎత్తడానికీ తేడా ఏమిటో ఇక్కడి రైతుకు చదువుతో పని లేకుండానే తెలుసు. ఆ తేడాకు చదువుకున్నవాళ్లు పెట్టిన పేరు క్యూసెక్కు, అంటే సెకనుకు ఒక ఘనపుటడుగు, దాదాపు 28 లీటర్లు. కె.ఎల్. రావు తర్వాతి రోజుల్లో ఢిల్లీలో మాట్లాడిన భాష ఈ బోదె గట్టు మీద పుట్టినదే అని ఈ వ్యాసకర్త నమ్మకం. ఆయన జీవితాన్ని చదవడానికి ఇంతకన్నా దగ్గర దారి లేదు.

తొమ్మిదేళ్ల వయసులో తండ్రి పోయారు. బడిలో ఆడుకుంటూ ఉండగా తగిలిన దెబ్బకు ఒక కంటి చూపు పోయింది. తర్వాత జీవితమంతా గీతలు, కొలతలు, నక్షాలతో నడిచిన మనిషి వాటన్నిటినీ ఒంటికంటితోనే చూశారు. బెజవాడలో హైస్కూలు, మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీలో ఇంటర్మీడియట్, గిండీ ఇంజనీరింగ్ కాలేజీలో పట్టా. మద్రాసు విశ్వవిద్యాలయం నుంచి ఇంజనీరింగులో మాస్టర్స్ పట్టా అందుకున్న తొలి విద్యార్థి ఆయనే.

పాఠాలు చెప్పిన రోజులు

చదువు ముగిశాక ఆయన పట్టుకున్నది సుద్దముక్క. రంగూన్‌లో అధ్యాపకుడిగా చేరారు. కోస్తా జిల్లాల వాళ్లకు ఆ రోజుల్లో బర్మా పరాయి దేశంలా ఉండేది కాదు. ‘రంగం వెళ్లాడు’ అంటే కూలికో వ్యాపారానికో సముద్రం దాటాడని అర్థం. గోదావరి, విశాఖ తీరాల నుంచి వెళ్లిన తెలుగు కూలీలు రంగూన్ రేవులో బస్తాలు మోసేవారు. 1930లో రేవు సమ్మె దగ్గర మొదలైన అల్లర్లలో దెబ్బతిన్నది ప్రధానంగా ఆ తెలుగు కూలీలే. అదే నగరంలో మరో తెలుగువాడు తరగతి గదిలో నిర్మాణశాస్త్రం బోధించాడన్నది మన వలస చరిత్రలో ఎవరూ పెద్దగా చెప్పుకోని పుట.

అక్కడి నుంచి ఇంగ్లండు. 1939లో బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయం నుంచి పీహెచ్.డి. ఆ తర్వాత ఆ దేశంలోనే కొంతకాలం అసిస్టెంట్ ప్రొఫెసర్‌గా పనిచేశారు. రీఇన్‌ఫోర్స్‌డ్ కాంక్రీటు లెక్కలు, డిజైను, పరీక్షల మీద ఇంగ్లిషులో పాఠ్యపుస్తకం రాశారు.

ఆ పాఠ్యవిషయం ఏమిటో ఒక్కసారి దగ్గరగా చూస్తే ఆయన ఆలోచన తీరు పట్టుబడుతుంది. రెండు గోడల మీద ఒక దూలం ఆనించి నడుమ బరువు పెట్టండి. దూలం కంటికి కనబడనంత వంగుతుంది. వంగినప్పుడు పైభాగం నొక్కుకుపోతుంది, కిందిభాగం సాగుతుంది. కాంక్రీటు నొక్కుడును బాగా ఓర్చుకుంటుంది, సాగుడును ఓర్చుకోలేదు. అందుకే ఇనుప ఊచలు దూలానికి అడుగున పెడతారు. ఊచ ఎంత లావుండాలి, ఎన్ని ఉండాలి అన్నదే డిజైను. ఎక్కువ పెడితే డబ్బు దండుగ, తక్కువ పెడితే ప్రాణహాని. ఏ పదార్థం దేన్ని ఓర్చుకుంటుందో తెలుసుకుని దానికి తగ్గ పని అప్పగించడం ఈ విద్యలో మొదటి పాఠం. నాగార్జునసాగర్ దగ్గర ఆయన దేశానికి చెప్పిన పాఠమూ ఇదే.

ఉపాధ్యాయ వృత్తి నుంచి రాజకీయాల్లోకి రావడం కృష్ణా, గుంటూరు జిల్లాల్లో కొత్తేమీ కాదు. మద్రాసు పచ్చయ్యప్ప కాలేజీలో ఆర్థికశాస్త్రం చెప్పిన నిడుబ్రోలు ఎన్.జి. రంగా పేరుకు ముందు ‘ఆచార్య’ చివరిదాకా అంటిపెట్టుకుని ఉంది. రాజ్యాంగం శాసనమండలిలో పన్నెండో వంతు స్థానాలను ఉపాధ్యాయులే ఎన్నుకునేలా కేటాయించింది. 1958 నుంచి 1985 వరకు, మళ్లీ 2007 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో ఆ తలుపు తెరిచే ఉంది. లక్ష్మణరావు ఆ తలుపు గుండా రాలేదు. ఆయనకు బడికీ పార్లమెంటుకూ మధ్య పదిహేనేళ్లకు పైగా ఆనకట్టల పని నడిచింది.

రామపాదసాగరం, ఢిల్లీ

ఇంగ్లండు నుంచి తిరిగి వచ్చాక మద్రాసు ప్రభుత్వంలో డిజైన్ ఇంజనీరుగా రామపాదసాగరం పథకం మీద పనిచేశారు. గోదావరి కొండల నడుమ నుంచి బయటపడే పోలవరం దగ్గర భారీ ఆనకట్ట కట్టాలన్నది ఆ 1940ల ఆలోచన. అమెరికా నుంచి జాన్ సావేజ్, నేల స్వభావాన్ని శాస్త్రంగా తీర్చిన కార్ల్ టెర్జాగీ వంటి ఉద్దండులను సంప్రదించారు. నది అడుగున రాయి తగలాలంటే చాలా లోతుకు ఇసుక తవ్వాలి. పునాదికే అంత కష్టం, ఆపైన ఖర్చు వంద కోట్లు దాటే అంచనా. పథకం అటకెక్కింది. ఇప్పుడు పోలవరంలో జరుగుతున్న పని చూస్తున్న వాళ్లకు ఆ పునాది సమస్య ఎంత పాతదో అర్థమవుతుంది.

1950లో ఆయన ఢిల్లీ వెళ్లి డిజైన్ల విభాగం డైరెక్టరయ్యారు. 1954లో కేంద్ర జల, విద్యుత్ కమిషన్‌లో చీఫ్ ఇంజనీరు. స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో దేశం కట్టిన పెద్ద ఆనకట్టల డిజైన్లు చాలావరకు ఆ కమిషన్ బల్ల మీదుగా పోయేవి. ఎ.ఎన్. ఖోస్లా, కన్వర్ సేన్ వంటి ఇంజనీర్లతో పాటు కె.ఎల్. రావు ఆ తరానికి చెందినవాడు. దేశం దగ్గర డబ్బు లేదు, సిమెంటు కరువు, యంత్రాలు కొనడానికి విదేశీ మారకం లేదు. పుష్కలంగా ఉన్నవి రెండే: రాయి, పని కోసం ఎదురుచూసే చేతులు.

నాగార్జునసాగర్

1952 వరదల్లో బెజవాడ పాత ఆనకట్టకు గండి పడింది. డెల్టా అంతా వణికింది. దాని స్థానంలో 1954లో మొదలుపెట్టి 1957లో పూర్తిచేసిన బ్యారేజీకి, ఆ ఏడాదే కన్నుమూసిన టంగుటూరి ప్రకాశం పేరు పెట్టారు. 70 గేట్లున్న ఆ బ్యారేజీ నీళ్లను మళ్లిస్తుంది, నిల్వ చేయలేదు. నిండుగా ఉన్నప్పుడు దానిలో పట్టేది 3 టీఎంసీలు (టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు). దాని కింద ఆయకట్టు 13 లక్షల ఎకరాలు. ఆ ఆయకట్టుకు వేళకు నీరు అందాలంటే ఎగువన పెద్ద జలాశయం కావాలి. ఆ జలాశయం కోసం ముక్త్యాల రాజా వాసిరెడ్డి రామగోపాలకృష్ణ మహేశ్వర ప్రసాద్ ఊరూరా తిరిగి సంతకాలు సేకరించి, ప్రభుత్వం వెంటపడ్డారు. ఖోస్లా కమిటీ నందికొండ దగ్గరి చోటును మెచ్చింది; అక్కడ లేచిందే నాగార్జునసాగర్. 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేశారు.

ఎక్కడ కట్టాలో తేలాక, దేనితో కట్టాలన్న ప్రశ్న మిగిలింది. ఇంత ఎత్తైన ఆనకట్ట అంటే అప్పటికి ఎక్కువగా కాంక్రీటే. కాంక్రీటుకు సిమెంటు కావాలి, కలిపే యంత్రాలు కావాలి, ఎత్తిపోసే క్రేన్లు కావాలి, ఇవన్నీ విదేశాల నుంచి రావాలి. కె.ఎల్. రావు రాతికట్టు వైపు నిలబడ్డారు. ఆనకట్ట తన బరువుతోనే నీటి ఒత్తిడిని నిలువరిస్తుంది. ఆ బరువును కాంక్రీటు ఇవ్వగలిగినట్టే రాయీ ఇస్తుంది. రాయి పక్కనే దొరుకుతుంది, సిమెంటు మోర్టార్ సందుల్లోకి సరిపోతే చాలు, డబ్బు మన కూలీల చేతుల్లోకే వెళుతుంది. దూలంలో ఊచ ఎక్కడ పెట్టాలో చెప్పిన పాఠమే ఇది, ఈసారి ఒక దేశం కొలతలో.

ఆ నిర్ణయం వల్ల వేల మంది పాలమూరు, నల్లగొండ, గుంటూరు కూలీలు నందికొండ చేరారు. పరంజా వంతెనలు కట్టుకుని, ఒకరి వెనక ఒకరు, నెత్తిన రాయి, నెత్తిన మోర్టార్ తట్ట పెట్టుకుని వాలు మీద ఎక్కుతున్న ఆ బారుల ఫొటోలు ఇవాళ చూసినా చూపు తిప్పుకోలేం. ఒక ఆడకూలీ తట్ట దించి, వెనక్కి తిరిగి, ఖాళీ తట్టతో పక్క వంతెన మీదుగా దిగిపోతుంది. ఆమె దించిన ఆ తట్టెడు మోర్టార్ ఇప్పటికీ ఆ గోడలో ఎక్కడో ఉంది. దాదాపు 124 మీటర్ల ఎత్తుకు లేచిన నాగార్జునసాగర్ రాతికట్టు ఆనకట్టల్లో ప్రపంచంలోనే ఎత్తైనదిగా పేరు పొందింది. ఇందులో ఇంజనీరుకు ఎంత వాటా ఉందో, పేరు నమోదు కాని ఆ కూలీలకూ అంతే వాటా ఉంది. ఆ పని నిప్పులు చెరిగే ఎండలో, ప్రమాదాల మధ్య జరిగింది. ముంపు ఊళ్ల వాళ్లు తరతరాల ఇళ్లు వదిలిపోయారు. ఇక్ష్వాకుల నాటి నాగార్జునకొండ శిథిలాలను పురావస్తు శాఖ నీరు రాకముందే తవ్వి తరలించాల్సి వచ్చింది. అంతకుముందు హైదరాబాద్ రాష్ట్రం ఏలేశ్వరం దగ్గర అనుకున్న ఆనకట్ట కిందికి జరగడం వల్ల తమకు నష్టం జరిగిందన్న బాధ తెలంగాణలో ఈనాటికీ ఉంది. దాన్ని తోసిపారేయకూడదు.

1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీరు వదిలారు. కుడి కాలువ పేరు జవహర్ కాలువ, ఎడమ కాలువ పేరు లాల్‌బహదూర్ కాలువ. కె.ఎల్. రావును తమ మంత్రివర్గాల్లో ఉంచుకున్న ముగ్గురు ప్రధానుల పేర్లూ ఆ ఒక్క ఆనకట్ట దగ్గర కలుస్తాయి. నీరు వదిలే నాటికి ఆయనే నీటిపారుదల మంత్రి. డిజైను బల్ల దగ్గర మొదలుపెట్టిన పని మంత్రి కుర్చీలో కూర్చుని ముగింపు చూడగలిగిన ఇంజనీరు మన దేశంలో మరొకరు దొరకడం కష్టం.

1962: విజయవాడ అభ్యర్థి

విజయవాడ లోక్‌సభ స్థానానికి అప్పటికే ఒక విచిత్రమైన వరస ఉంది. 1952లో వామపక్షాల మద్దతుతో గెలిచింది కవి, నటుడు హరీంద్రనాథ్ చట్టోపాధ్యాయ. 1957లో కాంగ్రెసు తరఫున గెలిచింది డాక్టర్ కొమర్రాజు అచ్చమాంబ, తెలుగులో తొలి విజ్ఞాన సర్వస్వానికి పూనుకున్న కొమర్రాజు లక్ష్మణరావు కూతురు. కవి తర్వాత వైద్యురాలు, వైద్యురాలి తర్వాత ఇంజనీరు. కమ్యూనిస్టు ఉద్యమం వేళ్లూనిన పట్టణంలో, జీవితమంతా ప్రభుత్వ కొలువులో గడిపిన ఇంజనీరును కాంగ్రెసు నిలబెట్టింది. అరవయ్యో పడిలో అడుగుపెట్టబోతూ ఆయన ఓటు అడిగారు, గెలిచారు. అదే ఏడాది మరో ఉపాధ్యాయుడు సర్వేపల్లి రాధాకృష్ణన్ రాష్ట్రపతి అయ్యారు.

1967లో, 1971లో మళ్లీ గెలిచి, 1977 దాకా సభ్యుడిగా ఉన్నారు. తర్వాత రాసుకున్న ఆత్మకథకు ‘క్యూసెక్స్ క్యాండిడేట్’ అని పేరు పెట్టారు. కులం పేరుతోనో, జెండా పేరుతోనో కాక నీటి కొలతతో తనను తాను పిలుచుకున్న ఆ ఎంపికలో గొప్ప ఆత్మవిశ్వాసం ఉంది. డెల్టా ఓటరుకు క్యూసెక్కు అంటే ఏమిటో విడమరిచి చెప్పనక్కర్లేదని ఆయనకు తెలుసు. 11,574 క్యూసెక్కులు ఒక రోజంతా పారితే ఒక టీఎంసీ అన్న లెక్క కృష్ణా జిల్లాలో టీకొట్టు దగ్గర కూడా వినబడుతుంది.

మంత్రిగా

1963 జూలైలో నెహ్రూ ఆయన్ను మంత్రివర్గంలోకి తీసుకున్నారు. 1973 వరకు నీటిపారుదల, విద్యుత్ వ్యవహారాల్లో ఆయన మాట నడిచింది. కొండ మీద కురిసిన చినుకు కాలువకు చేరేదాకా, నీరు తిప్పిన చక్రం నుంచి తీగకు చేరేదాకా రెండు శాఖలూ ఒకే చేతిలో ఉండేవి. పల్లెలకు కరెంటు వేయడానికి అప్పులిచ్చే రూరల్ ఎలక్ట్రిఫికేషన్ కార్పొరేషన్ 1969లో ఈ కాలంలోనే ఏర్పడింది. కృష్ణ మీద శ్రీశైలం పనులు సాగుతున్నది, బెంగాల్‌లో ఫరక్కా బ్యారేజీ లేస్తున్నది కూడా ఈ కాలంలోనే. పూడుకుపోతున్న కలకత్తా రేవును కాపాడడానికి గంగ నుంచి హుగ్లీకి 40,000 క్యూసెక్కులు మళ్లించడం ఫరక్కా ఉద్దేశం. దిగువన ఉన్న పొరుగుదేశం అభ్యంతరం చెప్పింది. బంగ్లాదేశ్ ఏర్పడ్డాక 1972లో రెండు దేశాల ఉమ్మడి నదుల కమిషన్ ఏర్పడింది.

ఇంటి నది మాటేమిటి? మహారాష్ట్ర, మైసూరు, ఆంధ్రప్రదేశ్‌లు కృష్ణ నీటి కోసం తగవులాడుకుంటున్న రోజులవి. కృష్ణ ఒడ్డున పుట్టి, కృష్ణ ఒడ్డు నుంచే గెలిచి, సాగర్ డిజైనులో చేయిపెట్టిన మనిషి ఆ తగవు మీద కేంద్రం తరఫున మాట్లాడాలి. ఏం చెప్పినా ఎవరో ఒకరు అనుమానించే స్థానం అది. చివరికి 1969 ఏప్రిల్‌లో ఆర్.ఎస్. బచావత్ అధ్యక్షతన ట్రైబ్యునల్ ఏర్పాటైంది. 75 శాతం నమ్మకంతో కృష్ణలో దొరికే నీరు 2,060 టీఎంసీలని అది లెక్కగట్టింది. మహారాష్ట్రకు 560, కర్ణాటకకు 700, ఆంధ్రప్రదేశ్‌కు 800 పంచింది. మంత్రి ఇష్టానికో, ఎంపీ పలుకుబడికో వదలకుండా న్యాయమూర్తి ముందు అంకెలతో తేల్చుకోవలసిన సంగతిగా ఆ తగవు మారింది. అది డెల్టాకు మేలు చేసిందా, కీడు చేసిందా అన్న వాదన నడుస్తూనే ఉంది. అంకెలు అందరి ముందూ ఉండడమే మేలని ఈ వ్యాసకర్త అభిప్రాయం.

గంగ నుంచి కావేరికి

కె.ఎల్. రావు పేరు దేశమంతా తెలిసింది 1972 నాటి గంగా–కావేరి ప్రతిపాదనతో. దాన్ని కలగా కొట్టిపారేసేవాళ్లూ, దైవవాక్కులా పఠించేవాళ్లూ చాలామంది ఉన్నారు గాని, దాని అంకెలు చూసేవాళ్లు తక్కువ. ఆయన అధ్యాపకుడు కాబట్టి అంకెలతోనే చూద్దాం.

గంగలో వరద ఉండే దాదాపు 150 రోజుల్లో పట్నా దగ్గర 60,000 క్యూసెక్కులు తీసుకోవాలి. అందులో 10,000 గంగా లోయలోనే వాడుకోవాలి. మిగిలిన 50,000 క్యూసెక్కులను పంపులతో దాదాపు 550 మీటర్ల ఎత్తుకు లేపి, వింధ్య దాటించి, దక్షిణాదికి దించాలి. మొత్తం కాలువ పొడవు 2,640 కిలోమీటర్లు. బ్రహ్మపుత్ర నుంచి గంగకు, మహానది నుంచి దక్షిణానికి, నర్మద నుంచి గుజరాత్, రాజస్థాన్‌లకు మరికొన్ని అనుసంధానాలు కూడా ఆ ఆలోచనలో ఉన్నాయి. అదనంగా సాగయ్యేది 40 లక్షల హెక్టార్లు. ఆయన వేసిన ఖర్చు అంచనా 12,500 కోట్ల రూపాయలు.

60,000 క్యూసెక్కులు 150 రోజులు పారితే సుమారు 778 టీఎంసీలవుతాయి. బచావత్ ట్రైబ్యునల్ మొత్తం ఆంధ్రప్రదేశ్‌కు ఇచ్చిన కృష్ణ వాటాకు దాదాపు సమానం. అంటే మన వాటా కృష్ణంత నీటిని ఆయన కొత్తగా తవ్వి తెద్దామన్నారు. చిక్కు ఎక్కడంటే ఆ 550 మీటర్ల ఎత్తులో ఉంది. ఆ నీటిని లేపడానికి 5,000 నుంచి 7,000 మెగావాట్ల కరెంటు కావాలని లెక్కతేలింది. తర్వాతి రోజుల్లో ఇబ్రహీంపట్నంలో విజయవాడ థర్మల్ కేంద్రం మొదటి యూనిట్ల సామర్థ్యం ఒక్కోటి 210 మెగావాట్లు. అలాంటివి ఇరవై నాలుగు పెట్టుకుంటే గాని ఆ కింది అంకెకు కూడా సరిపోదు. కేంద్ర జల కమిషన్ పరిశీలించి, ఖర్చు చాలా తక్కువగా వేశారనీ, ఆర్థికంగా భరించలేమనీ తేల్చింది. పైగా వరదలను తగ్గించే గుణం ఆ పథకానికి లేదు.

ఆ రోజుల్లో ఇలా నీటిని కొండ మీదికి లేపడం లోకంలో ఎక్కడా లేదనుకోవడం పొరపాటు. కాలిఫోర్నియాలో ఉత్తరాది నీటిని టెహాచపీ కొండల మీదుగా లాస్ ఏంజెలెస్ వైపు లేపే ఎడ్మన్‌స్టన్ పంపింగ్ కేంద్రం 1970ల మొదట్లోనే పని మొదలుపెట్టింది. అది ఎత్తేది దాదాపు 590 మీటర్లు, కె.ఎల్. రావు చెప్పిన ఎత్తు కన్నా ఎక్కువ. కాని ఎత్తే నీరు నాలుగున్నర వేల క్యూసెక్కులకు మించదు. ఆయన అడిగింది దానికి పదకొండు రెట్లు. సాధ్యాసాధ్యాల మధ్య దూరం ఇదీ. తర్వాత చైనా 2014లో తెరిచిన దక్షిణ–ఉత్తర మళ్లింపు మధ్య కాలువ 1,400 కిలోమీటర్లకు పైగా ప్రవహిస్తుంది, కానీ వాలు వెంట నేల మీదే పోతుంది. ఎక్కడా ఇంత ఎత్తు ఎక్కదు.

నాగార్జునసాగర్ దగ్గర చుట్టూ ఏముందో చూసి దానికి తగ్గట్టు ఆలోచించిన మనిషి, గంగ దగ్గర లేని కరెంటును ఉన్నట్టు లెక్క వేసుకున్నారు. ఆయన్ను అభిమానించేవాళ్లం ఆ మాట ఒప్పుకోవాలి. అయితే ఒక నదిలో వరద పొర్లుతున్నప్పుడు మరో నది ఎండిపోతోందన్న బాధ, దాన్ని దేశం మొత్తానికి ఒక ప్రశ్నగా పెట్టిన ధైర్యం ఆయనవి. 1980లో కేంద్రం వేసిన జాతీయ దృక్కోణ ప్రణాళిక, దాని అధ్యయనం కోసం 1982లో పెట్టిన జాతీయ జలవనరుల అభివృద్ధి సంస్థ ఆ ప్రశ్నకు కొనసాగింపులే. ఆ సంస్థ పెద్ద ఎత్తిపోతలను వదిలి, వీలైనంత వాలు మీదే పారే చిన్న చిన్న అనుసంధానాలుగా పనిని విడగొట్టింది.

పుస్తకాలు, ఆఖరి రోజులు

మంత్రి పదవి వదిలాక ఆయన మళ్లీ పుస్తకాలు రాశారు. 1975లో ‘ఇండియాస్ వాటర్ వెల్త్’ వచ్చింది. దేశంలో ఏ నదిలో ఎంత నీరుంది, ఎంత వాడుతున్నాం, ఎంత వాడగలం అని నదుల వారీగా లెక్కగట్టిన పుస్తకం అది. మంత్రిగా చూసిన ఫైళ్లు, ఇంజనీరుగా చూసిన నదులు, అధ్యాపకుడి విడమరిచే గుణం మూడూ అందులో కలిశాయి. మూడేళ్ల తర్వాత ఆత్మకథ. ఈ రెండూ ఇంగ్లిషులో ఉండిపోవడం తెలుగు పాఠకులకు నష్టం. నీటి గురించి డెల్టా మనిషి రాసిన పుస్తకం డెల్టా భాషలో ఉంటే దాని విలువ మరోలా ఉండేది.

1986 మే 18న ఆయన కన్నుమూశారు.

ఆయన కోరిన నదుల కలయిక చిన్న కొలతలో ఆయన తర్వాత జరిగింది. 2015లో పట్టిసీమ దగ్గర 24 పంపులతో గోదావరి నీటిని లేపి, పోలవరం కుడి కాలువలో పోసి, ఇబ్రహీంపట్నం దగ్గర కృష్ణలో కలిపారు. ఎగువ నుంచి కృష్ణ రాని జూన్, జూలైల్లో ఆ గోదావరి నీళ్లే బ్యారేజీకి చేరి తూర్పు కాలువల్లోకి దిగుతాయి. కె.ఎల్. రావు 1940ల్లో రామపాదసాగరం కాగితాల మీద గీసిన చోటికి దగ్గర్లోనే ఆ పంపులు ఉన్నాయి. ఎత్తేది 8,500 క్యూసెక్కులు, కొన్ని పదుల మీటర్లు మాత్రమే. కంకిపాడు వైపు శివారు చేలల్లో నారుమళ్లు ఆ నీళ్లతో తడిసిన ఏడాదులు చాలా ఉన్నాయి.

సాగర్‌కు 115 కిలోమీటర్ల దిగువన, ప్రకాశం బ్యారేజీకి 85 కిలోమీటర్ల ఎగువన ఉన్న పులిచింతల ప్రాజెక్టు 2013 డిసెంబరులో ప్రారంభమైంది. సామర్థ్యం 45.77 టీఎంసీలు. డెల్టాకు వేళకు నీరు అందించే నిల్వ లేదన్న పాత లోటు దానితో కొంత తీరింది. అధికారిక పత్రాల్లో దాని పేరు డాక్టర్ కె.ఎల్. రావు సాగర్. వానకాలంలో విజయవాడ పత్రికలు రోజూ వేసే జలాశయాల పట్టికలో ఆ పేరు ఎదుట ఇన్‌ఫ్లో, ఔట్‌ఫ్లో అంకెలు ఉంటాయి, క్యూసెక్కుల్లో.